ఆటో దిగని పిల్ల

తెల్లవారుజామున నాలుగింటికి గ్రైండర్ చప్పుడుకి భానుశ్రీకి మెలకువ వచ్చేది. కళ్ళు తెరవకుండా అలాగే పడుకుని వినేది. రాయి తిరుగుతున్న గరగర, అమ్మ చేత్తో పిండి లోపలికి తోసినప్పుడు మధ్యలో కాస్త తగ్గి మళ్ళీ అందుకునే చప్పుడు, అన్నీ స్పష్టంగా వినబడేవి. లేచి వంటింట్లోకి వెళితే లైటు ఉండేది కాదు. గ్రైండర్ మీద కప్పిన తువ్వాలు కప్పినట్టే ఉండేది. చెయ్యి పెట్టి చూస్తే రాయి చల్లగా, పొడిగా తగిలేది.

అమ్మ పోయి అప్పటికి నెల దాటింది.

అది మధురానగర్‌లో మూడంతస్తుల హాస్టల్. భానుశ్రీ నాన్న చలపతిరావు అత్తిలి నుంచి వచ్చి ఏడేళ్ళ కిందట పెట్టాడు. కింద వీళ్ళ కాపురం, వంటిల్లు. పైన ముప్ఫై అయిదు మంది కుర్రాళ్ళు. 2006వ సంవత్సరం. అమీర్‌పేటలో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, జావా అనో టెస్టింగ్ అనో కంప్యూటర్ కోర్సుల బోర్డు వేలాడుతున్న రోజులు. సర్టిఫికెట్ల ఫైలు చంకలో పెట్టుకుని జిల్లాల నుంచి దిగిన పిల్లలకి ముందు మంచం కావాలి, ఆ తర్వాత అన్నం కావాలి. మంచం సంగతి చలపతిరావు చూసేవాడు. అన్నం జానకీదేవిది. ఉద్యోగం వచ్చిన కుర్రాడెవడైనా స్వీట్ల డబ్బా తెచ్చి మొదట ఆవిడ చేతిలోనే పెట్టేవాడు. ఆవిడ ఒక్కటి తీసుకుని, "మరి రేపట్నుంచి టిఫిన్ బాగాలేదని అనేవాడొకడు తగ్గాడన్నమాట" అనేది.

ఆగస్టులో ఆవిడకి జ్వరం తగిలింది. మాత్రలు మింగుతూ రెండు రోజులు వండింది. మూడో రోజు పొయ్యి దగ్గరే పడిపోయింది. డెంగ్యూ అన్నారు. పంజాగుట్టలో పెద్ద ఆసుపత్రిలో చేర్చారు. మర్నాటికల్లా ఐసీయూలోకి మార్చారు. అక్కడికి ఒక్క మనిషినే రానిచ్చేవాళ్ళు, అందుకని నాన్న పైన ఉండేవాడు, భానుశ్రీ కింద హాల్లో కూర్చునేది. పదహారేళ్ళ పిల్ల, ఇంటర్ మొదటి సంవత్సరం. ఒళ్ళో ఫిజిక్స్ పుస్తకం పెట్టుకుని ఒకే పేజీ మూడు రోజులు చదివింది.

శనివారం సాయంత్రం అయిదు దాటాక నాన్న మెట్లు దిగి వచ్చాడు. దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి.

"అమ్మ కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయిందమ్మా. వెళ్ళి పట్రా" అన్నాడు.

"లేచిందా?"

"ముందు పట్రామ్మా."

కళ్ళజోడు కావాలంటే కళ్ళు తెరిచినట్టే కదా. భానుశ్రీ ఒక్క ఉదుటున లేచింది. గేటు దాటుతుంటే వెనక వీధి మసీదులో అజాన్ వినిపిస్తోంది. ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళింది. కళ్ళజోడు ఫ్రిజ్ మీద దొరికింది. అయిదూ ముప్ఫై అయిదుకి మళ్ళీ ఆటో ఎక్కింది. పంజాగుట్టలో ఫ్లైఓవర్ పనులు నడుస్తున్నాయి, రోడ్డు సగం తవ్వేసి ఉంది. అమీర్‌పేట దాటి కాస్త ముందుకెళ్ళాక, మలుపు దగ్గర ఆటో ఆగిపోయింది. ముందు బస్సు, పక్కన బస్సు, వెనక ఇంకేవో హారన్లు. డ్రైవరు ఇంజన్ ఆపేసి, "పాపా, అర్జెంటైతే నడిచిపో. గిది ఇప్పట్ల కదలది" అన్నాడు. చినుకులు పడి రోడ్డంతా బురదగా ఉంది. భానుశ్రీ కాళ్ళకి కొత్త చెప్పులు. "పర్లేదులే" అని కూర్చుంది. కళ్ళజోడు పెట్టె ఒళ్ళో పెట్టుకుని, అమ్మకి కుర్రాళ్ళ కబుర్లు ఏమేం చెప్పాలో వరసగా అనుకుంటూ, తనలో తను నవ్వుకుంటూ కూర్చుంది. దాదాపు నలభై నిమిషాలు.

ఆసుపత్రి చేరేసరికి ఆరూ ఇరవై. నాన్న బయట మెట్ల మీద ఉన్నాడు. ఆమెని చూసి లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఇప్పుడేనమ్మా. అయిదు నిమిషాలైంది. నిన్నే అడిగింది. భానూ ఏదీ, భానూ ఏదీ అంటూనే..."

ఆ మాట ఆ పిల్లలో మేకులా దిగిపోయింది.

కర్మకాండలయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. వంటకి బుల్లబ్బాయి అని అమలాపురం ఆయన కుదిరాడు. హాస్టల్ కుర్రాళ్ళు ఏం పెట్టినా కిక్కురుమనకుండా తినేవాళ్ళు. భానుశ్రీ కాలేజీకి వెళ్ళేది, వచ్చేది, ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పేది. లోపల మాత్రం ఒకటే లెక్క నడిచేది. ఇంటి దగ్గర బయల్దేరింది అయిదూ ముప్ఫై అయిదుకి. అమ్మ పోయింది ఆరుంబావుకి. ఆటో ఎక్కకుండా పరిగెత్తి ఉంటే? ఎంతసేపు పట్టేది? అమ్మ దగ్గర ఎన్ని నిమిషాలు ఉండేదాన్ని?

గ్రైండర్ చప్పుడుకి లేచిన ఒకరోజు ఇక పడుకోలేక బళ్ళో పీటీకి వేసుకున్న కాన్వాస్ బూట్లు వెతికి తీసింది. అయిదవుతుండగా గేటు బయట నిలబడి వాచీ చూసుకుంది. పరుగు మొదలుపెట్టింది. అమీర్‌పేటలో మైత్రివనం చేరేసరికే డొక్కలో పోటు వచ్చింది. వంగి, నడిచి, మళ్ళీ పరిగెత్తి, ఆసుపత్రి గేటు చేత్తో ముట్టుకుని చూసుకుంటే ఇరవై ఏడు నిమిషాలు. ఆరూ రెండు. అంటే పదమూడు నిమిషాలు అమ్మ దగ్గర ఉండేది.

మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ. ఇరవై ఏడు కాస్తా ఇరవై రెండైంది, పంతొమ్మిదైంది, పదిహేడైంది. ఒక్కో నిమిషం తగ్గినకొద్దీ అమ్మ మంచం పక్కన ఒక్కో నిమిషం పెరిగేది. పదమూడు కాస్తా పద్దెనిమిదైంది, ఇరవయ్యొకటైంది, ఇరవై మూడైంది. అన్ని నిమిషాలు అమ్మ తన పేరు పిలిచింది, అన్ని నిమిషాలు తను చెప్పులు చూసుకుంటూ కూర్చుంది. కాళ్ళు బలపడుతున్నకొద్దీ తప్పు పెద్దదయ్యేది. అది తెలిసీ ఆగలేకపోయింది.

మలుపు దగ్గర ఆటో కనిపించడం రెండో వారంలో మొదలైంది. మొదటిసారి నిజం ఆటోయే అనుకుంది. తెల్లవారుజామున రోడ్డు పక్కన ఆటోలు ఉండవా ఏమిటి. కానీ దానికి డ్రైవరు లేడు. వెనక సీట్లో ఒక పిల్ల కూర్చుని ఉంది. పసుపు రంగు చుడీదారు. ఒళ్ళో నల్లటి కళ్ళజోడు పెట్టె. ఆ పిల్ల తనలో తను నవ్వుకుంటోంది. భానుశ్రీ తల తిప్పేసుకుని పరిగెత్తింది. మర్నాడు కూడా అక్కడే ఉంది, అలాగే నవ్వుతోంది. మూడో రోజు భానుశ్రీ ఆగకుండానే గొంతు చించుకుని అరిచింది: "దిగవే! దిగి చావవే!" రోడ్డు ఊడుస్తున్న మునిసిపాలిటీ ఆవిడ చీపురు పట్టుకుని బిత్తరపోయి చూసింది.

ఆ ఆటో సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నాన్న ఏ డాక్టరు దగ్గరికో తీసుకెళతాడు. ఆ డాక్టరూ ఆ ఆసుపత్రిలోనే ఉంటాడు.

హాస్టల్ రెండో అంతస్తులో హనుమాండ్లు అని జనగామ వైపు కుర్రాడు ఉండేవాడు. టెస్టింగ్ కోర్సు నేర్చుకుంటున్నాడు. అంతకుముందు రెండేళ్ళు ఎస్సై సెలక్షన్ల కోసం తెగ పరిగెత్తి, రాతపరీక్షలో పోయి, ఇటు వచ్చాడు. అలవాటు పోక ఇప్పటికీ పొద్దున్నే కాలనీ చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టేవాడు. ఒకరోజు గేటు దగ్గర భానుశ్రీని ఆపాడు.

"చెల్లె, జర ఆగు. ఒక మాట చెప్త, ఏమనుకోకు. రోజూ చూస్తున్న. కుక్క ఎంట పడ్డోళ్ళు సుత గిట్ల ఉరకరు."

"టైమవుతోందన్నా."

"ఏడికి?"

ఆమె వాచీ చూసుకుంది.

"నీ ఉరుకుడు తప్పు. ఊపిరంత నోట్లెనే ఉన్నది, గుండె అందుకుంటలేదు. ఉరుకుకుంట పక్కనోళ్ళతోని మాట్లాడొస్తేనే దూరం పోతవు. గిట్ల పోతే ఒకనాడు రోడ్డు మీద పడ్తవ్."

"నేను దూరం పోవక్కర్లేదు. పంజాగుట్ట దాకా చాలు. పదమూడు నిమిషాల్లో చేరాలి."

హనుమాండ్లు ఆమె బూట్ల వంక చూశాడు. తల గోక్కుని, "మంచి బూట్లన్న కొనుక్కో" అన్నాడు.

పడటం అక్టోబరు మొదటి వారంలో పడింది. రాత్రి కురిసిన వాన నీళ్ళు గుంటల్లో నిండి ఉన్నాయి. ఆసుపత్రి ఇంకో రెండు వందల గజాలుందనగా కాలు ఒక గుంటలో దిగి, కంకర మీద మోకాళ్ళతో పడింది. లేచింది. రక్తం పిక్క మీదుగా కారుతుంటే అలాగే పరిగెత్తి గేటు ముట్టుకుంది. వాచీ చూసుకుంది. పద్నాలుగు.

"అరె బేటీ! గడియారం తర్వాత చూస్కో. మోకాలు చూస్కున్నవా?"

ప్రహరీ గోడ పక్కన బల్ల మీద టీ తాగుతున్న ముసలావిడ గ్లాసు దించి లేచింది. ఆసుపత్రి ఆయాల గోధుమరంగు చీర, దాని మీద ఊలు స్వెట్టరు. భానుశ్రీ రెక్క పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది. లోపలికి వెళ్ళి దూది, మందు తెచ్చింది. ఆవిడ పేరు తాజున్నీసా. ఐసీయూలో పద్దెనిమిదేళ్ళుగా ఆయా. ఆ నెల రాత్రి డ్యూటీ.

"రోజూ చూస్తున్న నిన్ను" అంది, కంకర ఏరుతూ. "ఉరుక్కుంట వస్తవు, గేటు ముట్టుకుంటవు, గడియారం చూస్తవు, ఏడ్సుకుంట పోతవు. మా వాచ్‌మెన్ పెంటయ్య ఈ పిల్లకు దిమాగ్ ఖరాబ్ అయిందంటడు. నేనన్న, నై, ఎవర్నో పోగొట్టుకున్నది అని. ఎవరు బేటీ?"

రెండు నెలల్లో మొదటిసారి భానుశ్రీ నోరు విప్పింది. కళ్ళజోడు, ఆటో, చెప్పులు, నిమిషాలు, అన్నీ చెప్పింది. మలుపు దగ్గర కనిపించే పిల్ల సంగతి కూడా చెప్పింది. తాజున్నీసా దూది పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి వింది.

"జానకీదేవి" అంది నెమ్మదిగా. "ఆరో నంబరు మంచం. ఇంత పొడుగు జుట్టు. యాదికుంది. ఆ శనివారం నాకు పగటి డ్యూటీ."

"మీరు ఉన్నారా? ఆరుంబావుకి మీరు అక్కడే ఉన్నారా?"

"ఆరుంబావు?" తాజున్నీసా మొహం చిట్లించింది. "ఆరుంబావుకి ఏమున్నది బేటీ? ఆమెకు పైపులు తీసి, మొఖం తుడిచి, జడ అల్లింది నేనే. జడ సగం అల్లిన. సాయంత్రం అసర్ అజాన్ వినబడ్డది. చేతులు ఆపి తలమీద కొంగు కప్పుకున్న. అప్పటికి డాక్టర్ సాబ్ చూసి, రాసి, పోయి అద్దగంట అయ్యింది."

భానుశ్రీకి ఆ అజాన్ గుర్తుంది. అది వింటూనే గేటు దాటింది. అమ్మ లేచిందన్న సంతోషంతో దాటింది.

"నా పేరు పిలిచిందన్నాడు నాన్న. భానూ ఏదీ అని..."

తాజున్నీసా కట్టు ముడి వేసింది, ముడి మీద వేలు నొక్కి పెట్టింది.

"నీకు ఝూట్ చెప్పొచ్చు నేను సుత" అంది చివరికి. "చెప్పను. నోట్ల పైపు ఉన్నది బేటీ. రెండు రోజుల సంది కండ్లు తెరవలె. ఎవర్నీ పిలవలె."

ఇంటికి ఎలా వచ్చిందో భానుశ్రీకి తెలియదు. నాన్న వంటింట్లో బుల్లబ్బాయి పక్కన కూర్చుని బెండకాయలు తరుగుతున్నాడు.

"అమ్మ ఆసుపత్రి ఫైలు కావాలి."

"ఇప్పుడెందుకమ్మా? ఆ కాలికేంటి?"

"ఫైలు కావాలి నాన్నా."

ఆ గొంతు విని బుల్లబ్బాయి చేతిలో గరిటె పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాడు. చలపతిరావు బీరువా తెరిచి ఫైలు తెచ్చాడు. ఇవ్వకుండా పట్టుకునే నిలబడ్డాడు. ఆమె లాక్కుని చివరి కాగితం తీసింది. పోయిన సమయం 4.40 అని ఉంది.

"కిందికి వచ్చింది చెబుదామనే" అన్నాడు చలపతిరావు. బెండకాయ జిగురు అంటిన చేతులు పంచెకి తుడుచుకుంటూనే ఉన్నాడు. "నువ్వు పుస్తకం పెట్టుకుని కూర్చున్నావు. తలెత్తి నన్ను చూశావు. ఏంటో, ఆశగా చూశావు. నోరు తెరిస్తే కళ్ళజోడు అని వచ్చింది. ఎందుకొచ్చిందో నాకే తెలీదు. నువ్వెళ్ళాక ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. నువ్వు వచ్చేదాకా లేవలేదు."

"మరి నిన్నే అడిగింది అన్నావే."

"అలా అంటే నీకు కాస్త బాగుంటుందనుకున్నాను."

"బాగుంటుందా?" భానుశ్రీ నవ్వబోయింది, అది నవ్వులా రాలేదు. "ఆటోలో నలభై నిమిషాలు కూర్చున్నాను నాన్నా. డ్రైవరు నడిచి వెళ్ళిపొమ్మన్నాడు. చెప్పులు పాడవుతాయని దిగలేదు. అమ్మ పిలుస్తుంటే నేను చెప్పులు చూసుకున్నాను. ఇన్నాళ్ళుగా రోజూ ఆ దారిలో పరిగెత్తి పరిగెత్తి చూస్తున్నాను, ఎన్ని నిమిషాలు ముందొచ్చేదాన్నో."

చలపతిరావు కింద కూలబడ్డాడు. తరిగిన బెండకాయల పళ్ళెం తగిలి ముక్కలు చెల్లాచెదురయ్యాయి. ఈ సంగతి ఆయన ఊహకే రాలేదు. పిల్ల పొద్దున్నే లేచి పరిగెత్తుతోందంటే ఏదో మనసు తేలికపడటానికి అనుకున్నాడు. ఆయన ఏడుస్తుంటే భానుశ్రీ ఓదార్చలేదు. ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చుంది.

ఆయన ఏడుపు తగ్గాక అడిగింది: "చివరికి ఏమంది? నిజంగా ఏమంది?"

"గురువారం పొద్దున్న. ఐసీయూలోకి తీసుకెళ్ళే ముందు." ఆయన ఒక బెండకాయ ముక్క ఏరి పళ్ళెంలో వేశాడు. "రేపటికి మినప్పప్పు నానబోశారా అంది."

"నువ్వేమన్నావు?"

"పోశానన్నాను."

"పోశావా?"

"లేదు."

ఆ తర్వాత వారం పదిరోజులు ఆమె తండ్రితో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. కోపం ఒక్క నాన్న మీదే కాదు. తప్పు పోయింది నిజమే. దాంతోపాటు అమ్మ పిలుపు కూడా పోయింది. రెండు నెలలుగా గుండెని కోసిందీ ఆ పిలుపే, రోజూ లేపి నిలబెట్టిందీ ఆ పిలుపే. ఇప్పుడు అది ఎవరూ పిలవని పిలుపని తేలింది. మోకాలు మానేదాకా మంచం మీద పడుకుని ఫ్యాను వంక చూస్తూ, నేను ఇక ఎక్కడికి పరిగెత్తాలి అనుకుంది.

గ్రైండర్ మాత్రం నాలుగింటికి తిరుగుతూనే ఉంది. కట్టు విప్పిన మర్నాడు ఆ చప్పుడుకి లేచి బూట్లు వేసుకుంది. వాచీ పెట్టుకోలేదు. ఎందుకు వెళుతోందో తెలియకుండానే అదే దారిన వెళ్ళింది. మోకాలు బిగుసుకుని ఉండటంతో నెమ్మదిగా పరిగెత్తింది. అమీర్‌పేటలో కోర్సుల కాగితాలు పంచేవాళ్ళు ఇంకా రాలేదు. నిన్నటి కాగితాలు తడిసి రోడ్డుకి అతుక్కుపోయి ఉన్నాయి.

మలుపు దగ్గర ఆటో ఉంది.

ఈసారి భానుశ్రీ ఆగింది. వెళ్ళి పక్కన నిలబడింది. పసుపు చుడీదారు పిల్ల ఇంకా నవ్వుకుంటోంది. పాపం, ఆ పిల్లకేం తెలియదు. అమ్మ లేచిందనుకుంటోంది. ఎవరూ చెప్పలేదు మరి. భానుశ్రీ ఇన్నాళ్ళూ ఈ పిల్లని నానా తిట్లూ తిట్టింది.

"అమ్మ పోయింది" అంది నెమ్మదిగా. "నువ్వు ఎక్కకముందే పోయింది. నువ్వు దిగినా ఒకటే, దిగకపోయినా ఒకటే."

పిల్ల తలెత్తింది. నవ్వు ఆగింది.

"దిగు. పోదాం."

భానుశ్రీ మళ్ళీ కదిలింది. వెనక్కి తిరిగి చూడలేదు. కాసేపటికి పక్కనే, అరడుగు వెనగ్గా, తడి రోడ్డు మీద కొత్త చెప్పుల టపటప వినబడింది. ఒళ్ళంతా జలదరించింది. అయినా అడుగు పెంచలేదు. పక్కన వస్తున్నదానికి అందేలాగే పరిగెత్తింది. ఆసుపత్రి గేటు వచ్చింది. చెయ్యి చాచలేదు. గేటు వెనక్కి వెళ్ళిపోయింది. పంజాగుట్ట చౌరస్తా దాటింది, ఎర్రమంజిల్ దాటింది. ఖైరతాబాద్ దగ్గర రైలు పట్టాలు దాటేటప్పుడు గమనిస్తే పక్కన చప్పుడు లేదు. ఎక్కడ ఆగిపోయిందో తెలియదు. ముందు నెక్లెస్ రోడ్డు, దాని వెనక బూడిదరంగులో హుస్సేన్ సాగర్ కనిపిస్తున్నాయి. ఊపిరి ముక్కులోంచే వస్తోంది. ఎవరైనా పక్కనుంటే మాట్లాడగలిగేది.

నీళ్ళ పక్కన గోడ మీద కూర్చుని ఏడ్చింది. అమ్మ పోయినందుకే ఏడ్చింది. ఆ ఏడుపులో నిమిషాలు లేవు.

ఇంటికి వచ్చేసరికి ఎనిమిదిన్నర. నాన్న గేటు బయట అటూ ఇటూ తిరుగుతున్నాడు. స్కూటరు బయటికి తీసి ఉంది.

"ఎక్కడికెళ్ళావమ్మా? ఆసుపత్రి దాకా వెళ్ళి చూసొచ్చాను."

"ట్యాంక్‌బండ్ వైపు."

"ఎలాగ?"

"పరిగెత్తుకుంటూ."

ఆయన స్కూటరుకి మళ్ళీ స్టాండు వేశాడు. ఆమె లోపలికి వెళ్ళి, బుల్లబ్బాయి వేస్తుంటే పెసరట్లు అయిదు తింది. ఆరోది వెయ్యనా అని అడిగితే వెయ్యమంది. బుల్లబ్బాయి పిండి కలుపుతూ మొహం అటు తిప్పుకున్నాడు.

హనుమాండ్లు దగ్గరికి తనే వెళ్ళింది. "అన్నా, దూరం ఎలా పరిగెత్తాలో చెప్పు" అంది. అతను మర్నాటి నుంచి మొదలుపెట్టాడు. వారానికి ఒకరోజు దూరం పెంచాలన్నాడు, మిగతా రోజులు మెల్లగా ఉరకాలన్నాడు, కాలు ఎక్కడ పెట్టాలో తన పాత నోటుబుక్కులో బొమ్మ గీసి చూపించాడు. చలపతిరావు ఒక సాయంత్రం ఏమీ చెప్పకుండా బూట్ల పెట్టె తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. అవి ఒక సైజు చిన్నవి. ఇద్దరూ కలిసి వెళ్ళి మార్చుకొచ్చారు. దారిలో ఆయన, "మీ అమ్మకి హైదరాబాద్ అంటే పడేది కాదు, తెలుసా? ఏడేళ్ళూ నన్ను తిట్టింది" అన్నాడు. భానుశ్రీకి తెలియదు. "ఇంకా చెప్పు" అంది.

గ్రైండర్ చప్పుడు పోలేదు. కొన్ని తెల్లవారుజాముల్లో ఆటో కూడా కనిపించేది, ఖాళీగా. కొన్నిసార్లు దూరాన్నుంచి వెనక సీట్లో ఎవరో ఉన్నట్టే ఉండి, దగ్గరికెళితే ఉండేవాళ్ళు కాదు. అప్పుడు ఒంటి మీద వెంట్రుకలు లేచేవి. అలాగే దాటి వెళ్ళేది. గేటు దగ్గర తాజున్నీసా ఉంటే చెయ్యి ఊపేది. ఆవిడ టీ గ్లాసు పైకెత్తి, "ఫికర్ నక్కో, ఉరుకు!" అనేది. పెంటయ్య సెల్యూట్ కొట్టేవాడు.

డిసెంబరు మొదటి ఆదివారం నెక్లెస్ రోడ్డు మీద పది కిలోమీటర్ల పరుగు పెట్టారు. హనుమాండ్లు ఫారం తెచ్చి నింపించాడు. అతనికి అప్పటికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది, ఇంకో నాలుగు రోజుల్లో వెళ్ళిపోతాడు. కంపెనీల పేర్లు వేసుకున్న చొక్కాలతో వేలమంది వచ్చారు. భానుశ్రీ వయసు పిల్లలకి తల్లులు జడలు బిగిస్తున్నారు, సీసాల్లో నీళ్ళు కలుపుతున్నారు. అది చూసి ఆమెకి ఒక్కసారి ఇంటికెళ్ళిపోదామనిపించింది. "నా ఎన్క రా" అన్నాడు హనుమాండ్లు. "నీ కథ కాళ్ళకు తెలుసు. నువ్వు నడుమల దూరకు."

మొదటి నాలుగు కిలోమీటర్లు గుంపులో పోయాయి. అయిదు దగ్గర హనుమాండ్లు ముందుకి వెళ్ళిపోయాడు. ఆరు దాటాక ఎండ ఎక్కింది. పాత మోకాలు లాగడం మొదలైంది. చుట్టూ అంతమంది ఉన్నా ఎవరూ లేనట్టు అనిపించింది. పక్కన ఆ చెప్పుల చప్పుడైనా వినబడితే బాగుండుననుకుంది. అదీ రాలేదు. తన ఊపిరే వినబడింది. దాన్నే పట్టుకుని ఒక్కో దీపస్తంభం దాటింది.

ఏడో కిలోమీటరు దగ్గర, "భానూ! భానూ!" అని కేక వినబడింది. తల తిప్పి చూస్తే నాన్న. తాడు దాటి రోడ్డు మీదికి వచ్చేశాడు. ఇస్త్రీ ప్యాంటు, తోలు బూట్లు, చేతిలో గ్లూకోజు నీళ్ళ సీసా. పోలీసు ఈల వేస్తున్నా పట్టించుకోకుండా పక్కన పరిగెత్తడం మొదలుపెట్టాడు.

"తాగు. తాగమ్మా."

"పరిగెత్తుతూ తాగితే డొక్కలో పోటొస్తుంది నాన్నా."

"ఇంకెంతుంది?"

"మూడు కిలోమీటర్లు."

"అమ్మో." ఆయన వంద గజాలు వచ్చి ఉంటాడు. మొహం కందిపోయింది, చొక్కా బయటికి వచ్చేసింది. ఆగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "నా వల్ల కాదు. నువ్వెళ్ళు. నేను మెల్లగా వస్తాను."

భానుశ్రీ వెళ్ళింది. యాభై తొమ్మిది నిమిషాల్లో గీత దాటిందని హనుమాండ్లు చెప్పాడు. ఆమె చూసుకోలేదు. సర్టిఫికెట్ మీద పేరు బానుశ్రీ అని రాశారు. అక్కడే గడ్డి మీద వెల్లకిలా పడుకుంది. ఆకాశం తెల్లగా ఉంది. కళ్ళు మూసుకుంటే అమ్మ మొహం వచ్చింది, జడ అల్లుకుని, ఏమీ అడగకుండా. కాసేపు చూసింది.

ముప్పావుగంట తర్వాత జనం పలచబడ్డాక చలపతిరావు కుంటుకుంటూ వచ్చాడు. మూడు కిలోమీటర్లూ నడిచే వచ్చాడు. పక్కన చతికిలబడి బూట్లు ఊడదీశాడు. రెండు మడమలూ పుండ్లు పడ్డాయి.

"ఎన్నో దానివొచ్చావు?"

"తెలీదు నాన్నా. చాలామంది ముందున్నారు."

"చాలామంది వెనక కూడా ఉన్నారులే. వాళ్ళతోనే కదా నేనొచ్చింది." మడమ ఊదుకున్నాడు. "రేపు ఎన్నింటికి లేస్తావు?"

"అయిదింటికి."

"నన్నూ లేపు. పరిగెత్తలేనుగానీ, మైత్రివనం దాకా నడుస్తాను."

హనుమాండ్లు ఆటో మాట్లాడుకుని వచ్చాడు. భానుశ్రీ లేచి, నాన్నకి చెయ్యి అందించింది.